ఒక్క శాతం దగ్గర చెప్పే మాట

కొరియా దేశం మొత్తం మీద నా అంత బాగా వ్యాన్ నడిపేవాడు ఇంకొకడు లేడు. ఈ మాట నేను తప్ప ఎవరూ చెప్పరు కాబట్టి ముందే నేనే చెప్పేస్తున్నాను. ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్ రెండో ఏడు మధ్యలో మానేశాను. నేను కాలేజీని వదిలానా, కాలేజీ నన్ను వదిలిందా అని మా అమ్మ ఇప్పటికీ ఆరా తీస్తూనే ఉంటుంది. ఎవరు ఎవర్ని వదిలినా ఇద్దరం సుఖంగానే ఉన్నాం. అయినా ఇది నా కథ కాదు. నా వ్యాన్ వెనక సీట్లో కూర్చునే ప్యో ఇన్‌బోక్ కథ.

మాది సువాన్ ఊళ్లో కొత్త ఫోన్లను పరీక్షించే చిన్న సంస్థ. పెద్ద కంపెనీలు ఫోను తయారుచేసి, బజారులో పెట్టే ముందు మా చేతికిస్తాయి. మేము దాన్ని ఊరంతా తిప్పి, ఎక్కడ మాట తెగుతుందో, ఎంతసేపటికి బ్యాటరీ చస్తుందో చూసి చెప్తాం. నేను తిప్పేవాణ్ణి. ప్యో చంపేవాడు. అవును, ఆయన ఉద్యోగం అదే. పొద్దున నిండా ఛార్జి చేసిన ఫోనును సాయంత్రం లోపు చావనివ్వడం.

ఆయన పుట్టింది జంగ్‌సన్ కొండల్లో, బొగ్గు గని పక్కన. తండ్రి గని కూలీ. నోరు తెరిస్తే బొగ్గు దుమ్ము లోపలికి పోతుందని గనిలో నోరు మూసుకోవడం అలవాటై, ఇంటికొచ్చాక కూడా ఆ తండ్రి నోరు తెరిచేవాడు కాదట. కొడుక్కి ఆస్తి కింద ఆ మౌనమే మిగిలింది. గని మూతపడ్డాక ప్యో సువాన్ వచ్చి పేజర్లకు టంకం పెట్టాడు, తర్వాత ఫోన్లకు బ్యాటరీలు బిగించాడు, ఫ్యాక్టరీ వేరే దేశానికి తరలిపోతే మా దగ్గర చేరాడు. పెళ్లి కాలేదు. ఒకే ఒక్క పెళ్లిచూపుల్లో ఇద్దరి కాఫీలూ చల్లారేదాకా నోరు మెదపకుండా కూర్చుంటే, ఆ అమ్మాయి లేచి, వంగి దండం పెట్టి వెళ్లిపోయిందట. ఈ ముక్క కూడా ఆయన నాకు చెప్పింది కాదు. మోక్పోలో ఉండే ఒకావిడకు చెబుతుంటే స్టీరింగ్ దగ్గర కూర్చుని విన్నాను.

ఆ మోక్పో ఆవిడ సంగతి చెప్పాలి. లేకపోతే కథే లేదు.

మా పరీక్షకు ఫోన్ చేసేవాడు ఒకడైతే సరిపోదు. అవతల ఎత్తేవాళ్లు కూడా ఉండాలి. మేము సువాన్ చుట్టూ తిరుగుతుంటే, దక్షిణాన సముద్రం ఒడ్డునున్న మోక్పోలో ఒకావిడ ఇంట్లోనే కూర్చుని ఆ కాల్ ఎత్తేది. అప్పుడప్పుడూ ఇద్దరూ కాగితం మీదున్న వాక్యాలు చదవాలి. అవి మాత్రమే రికార్డు అవుతాయి. మిగతా సమయమంతా లైను స్పీకరు మీద ఊరికే తెరిచి ఉంచాలి. చేత్తో కాల్ కట్ చేయకూడదు, ఛార్జర్ దగ్గరికి పోకూడదు. ఫోను తనంతట తాను చావాలి. మధ్యలో ఎవరైనా కట్ చేశారా, ఆ రోజు కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే.

నంబర్లు ఆఫీసు యంత్రం కలిపేది. పేర్లు అడగకూడదని నియమం. అందుకని ఆయన ఆవిణ్ణి ‘ఎత్తేవారు’ అనేవాడు, ఆవిడ ఆయన్ను ‘పిలిచేవారు’ అనేది. ఇలా కొన్నేళ్లు. పాత నెట్‌వర్క్ రోజుల్లో ఫోను సాయంత్రం దాకా బతికేది. మనిషితో మాట్లాడాలంటే చెమటలు పట్టే మా ప్యో, ఆ లైను మీద మాత్రం మాట్లాడేవాడు.

“ఎత్తేవారూ, అదేం చప్పుడండీ?”

“వెల్లుల్లి వొలుస్తున్నానండీ. హోటలాయన బస్తా పంపాడు. మీ దగ్గర ఆ కూతేంటండీ?”

“మా డ్రైవర్ పాడుతున్నాడండీ.”

“అయ్యో పాపం. డాక్టరుకి చూపించకపోయారా!”

నేను ఊరుకుంటానా? “అమ్మా, నా పాట వినడానికి సియోల్‌లో టికెట్లు కొంటారు!” అని ముందు నుంచి అరిచేవాణ్ణి.

“ఆపమని కొంటారేమో నాయనా,” అనేది.

వాళ్లిద్దరి మధ్య ఒక ఆచారం పుట్టింది. ఎవరు మొదలుపెట్టారో నాకు తెలియదు. బరువైన మాట ఏదైనా ఉంటే, బ్యాటరీ ఒక్క శాతానికి వచ్చినప్పుడే చెప్పేవాళ్లు. చెప్పేలోపో, చెప్పగానేనో ఫోను చచ్చిపోయేది. అవతలివాళ్లు జవాబు వెతుక్కోనక్కర్లేదు, చెప్పినవాళ్లు సిగ్గుపడక్కర్లేదు. మర్నాడు ఆ ప్రస్తావన తేకూడదు. ఒకసారి ఆవిడ, “చాలా ఏళ్ల తర్వాత ఇవాళ గిన్నెలు తోముతూ పాడుకున్నానండీ” అంది. టప్‌మని చచ్చింది ఫోను. ఇంకోసారి ఈయన, “ఇవాళ నా పుట్టినరోజండీ. నాచు చారు నేనే కాచుకున్నాను, ఉప్పు మర్చిపోయాను” అన్నాడు. పుట్టినరోజు పొద్దున సముద్రపు నాచు చారు ఇంట్లోవాళ్లు కాచి పెట్టాలి మాకు. సొంతంగా కాచుకోవడమంటే, మన చేత్తో మన వీపు తట్టుకోవడమే. మర్నాడు ఆవిడ దాని గురించి ఒక్క ముక్క అనలేదు. ఎప్పటికో, “ఇవాళ మా ఇంట్లో నాచు చారండీ. ఎవరి పుట్టినరోజూ కాదు. ఊరికే” అంది.

ప్యో కిటికీ వైపు తిరిగాడు. నేను కావాలనే దూరం దారిలో పోనిచ్చాను.

ఆ తర్వాత వచ్చింది కొత్త నెట్‌వర్క్. రెండు వేల పంతొమ్మిది వసంతం. ప్రపంచంలో అందరికన్నా ముందు మాకే అని టీవీలో ఒకటే ఊదర. ఫోనులేమో రెండు పడవల మీద కాళ్లు పెట్టినవి. మాట పాత టవరు మీద, వీడియోలు కొత్త టవరు మీద. రెండు రేడియోలూ ఒకేసారి మండాలి. ఊరి మధ్యలో పర్వాలేదు గానీ, ఊరి చివరికొస్తే కొత్త సిగ్నల్ వచ్చి పోతుంటుంది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని, ఆ ఫోను ఆగకుండా ప్రతి టవరు గుమ్మం ముందూ నిలబడి ‘ఉన్నావా, ఉన్నావా’ అని అడుక్కుంటూనే ఉండేది. ఆ అడుక్కోవడంలోనే దాని ప్రాణం పోయేది. ఇక వేడి! నేను దాని మీద గుడ్డు అట్టు వేశాను. నమ్మరా? పోనీ సగం గుడ్డు. ఆ చలికాలం వ్యాన్‌లో హీటర్ వేయలేదు. మేము పక్కనుంచి పోతుంటే దారిలో పిల్లలు చేసిన మంచుబొమ్మకు ముక్కు కారింది.

జనం తెలివైనవాళ్లు. కొత్త ఫోను కొని, కొత్త నెట్‌వర్క్ ఆపేసి, పాతదాని మీదే నడుపుకునేవాళ్లు. మాకు ఆ వీలు లేదు. పొద్దున మొదలుపెట్టిన ఫోను మధ్యాహ్నం గింబాప్ అన్నం చుట్టల పొట్లం విప్పే లోపే చచ్చేది. సాయంత్రం దాకా ఉండే కబుర్లు కూర ఉడికేంతసేపటికి కుదించుకుపోయాయి. ఆ పైన, కొత్త పడవలో కాలు పెట్టి తీసిన ప్రతిసారీ పాతదీ కుదిపి మాట తెగేది. ఆవిడ “నిన్న బజారులో” అనేది, మళ్లీ కలిసేసరికి “అదండీ సంగతి” అనేది. మధ్యలో ఏమైందో ఇద్దరు దేవుళ్లకే తెలుసు, పాత టవరు దేవుడికీ కొత్త టవరు దేవుడికీ.

ప్యో రోజూ ఆఫీసుకు వెళ్లి మా టీమ్ లీడర్ తక్ ముందు నిలబడేవాడు. తక్ ఆయనకన్నా చాలా చిన్నవాడు. ఈసారి లోపాన్ని సరిదిద్దే పని కూడా కంపెనీ అతని మీదే పెట్టింది. ఆ బ్యాటరీ గొడవతో ఆఫీసులోనే పడుకుని పడుకుని అతని మొహం ఎండిన చేపలా అయిపోయింది.

“ఇది చాలదండీ టీమ్ లీడర్ గారూ. దీనికి ప్రాణం పెంచాలి,” అనేవాడు ప్యో, నేల చూపులు చూస్తూ.

తక్ కళ్లు చెమర్చేవి. “చూడరా మెంగ్, ఈ దేశంలో ఈ ఫోను గురించి నిజంగా బాధపడేది ఇద్దరమే. నేనూ, ప్యో గారూ. నువ్వూ ఉన్నావు ఎందుకూ, తినడానికి.”

మెంగ్ అంటే నేనే. ప్యో బాధ ఫోను గురించి కాదని చెబితే తక్ గుండె ఆగిపోతుందని ఊరుకున్నాను.

వేసవి వచ్చాక ఆఫీసులో ఒక మాట పాకింది. ఈ ఫోను అనుకున్నంతసేపు బతికిన రోజున పని ముగుస్తుంది. తర్వాతి పనికి మోక్పోలో మనిషి అక్కర్లేదు. ఆ వాక్యాలు చదవడానికి, తనంతట తానే మాట్లాడే యంత్రం పెట్టె ఒకటి కొన్నారు. ఫోను బాగుపడే రోజు ఎంత దగ్గరపడితే, ఆవిడ వెళ్లిపోయే రోజూ అంతే దగ్గరపడుతుంది. ఆవిడకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

“బాబాయ్, అడిగెయ్,” అన్నాను నేను ప్యోతో.

“ఏం అడగను?”

“కలుద్దామని! పేరు తెలీదు, మొహం తెలీదు, రేపు పెట్టె వస్తే ఆవిణ్ణి ఎక్కడ వెతుకుతావు? మోక్పోలో వెల్లుల్లి వాసన వచ్చే ఇళ్లన్నీ తట్టుకుంటూ పోతావా?”

“నీ నోటికి టవరు అక్కర్లేదురా. అది లేకుండానే దేశమంతా అందుతుంది. మెల్లగా మాట్లాడు.”

“అడుగుతావా, లేదా?”

“అడుగుతా. డేజన్ స్టేషన్లో నూడుల్స్ తిందామని అడుగుతా. ఆవిడకూ నాకూ మధ్య ఊరు కదా.” గొంతు తగ్గించి అన్నాడు: “ఒక్క శాతం దగ్గర అడుగుతా.”

“ఒక్క శాతం దగ్గర అడిగితే జవాబెలా వస్తుంది బాబాయ్?”

“మర్నాడు వస్తుంది. ఆవిడకు ఇష్టమైతే ఏదో ఒకటి ఊరికే అన్నట్టు అంటుంది. ఇష్టం లేకపోతే ఏమీ అనదు. ఎవరికీ కష్టం ఉండదు.”

ఇంత ముందుచూపు ఉన్న మనిషికి పెళ్లి ఎందుకు కాలేదో నాకప్పుడు అర్థమైంది.

మర్నాడు పొద్దున తక్ స్వయంగా ఫోనులో ఏదో కొత్తది ఎక్కించి ఇచ్చాడు. “చిన్న సర్దుబాటు” అన్నాడంతే. ఏం సర్దాడో పరీక్షించేవాళ్లకు చెప్పరు. చెబితే మా కళ్లు దాన్నే వెతుకుతాయని. మేము హ్వాసంగ్ దాటి, సముద్రాన్ని పూడ్చిన మైదానాల వైపు పోయాం. అటు రెల్లు గడ్డి, మట్టి రోడ్డు, దూరంగా ఒక టవరు తప్ప ఏమీ ఉండదు. సిగ్నల్ అక్కడే ఎక్కువగా తడబడుతుంది. ఆ రోజు ఫోను తడబడలేదు. మధ్యాహ్నం దాటింది, బతికే ఉంది. వాక్యాలు చదువుకున్నారు, వెల్లుల్లి వొలుచుకున్నారు, నా పాటను తిట్టుకున్నారు.

ప్యో మాటిమాటికీ ఫోను వెనక అరచెయ్యి పెట్టి చూస్తున్నాడు. వైద్యుడు నాడి పట్టినట్టు, ఆ వేడిని బట్టి ఇంకెంతసేపో చెప్పగలడాయన. తెర మీద ఒక్క శాతం పడింది. ఆయన నా వైపు చూశాడు. నేను వ్యాన్ పక్కకు తీసి ఆపాను.

“ఎత్తేవారూ.”

“చెప్పండి.”

“వచ్చే ఆదివారం డేజన్ స్టేషన్లో... మీకు వీలైతే... నాతో నూడుల్స్ తింటారా?”

అనేశాడు. అని, కళ్లు మూసుకుని, ఫోను చావడం కోసం ఎదురుచూశాడు.

ఫోను చావలేదు.

అవతల వెల్లుల్లి పొట్టు చప్పుడు ఆగిపోయింది. రెల్లు గడ్డి ఊగుతోంది. నేను మెడ తిప్పి తెర చూశాను. పైన ఉండే కొత్త నెట్‌వర్క్ గుర్తు లేదు. అప్పుడర్థమైంది తక్ చేసిన సర్దుబాటు. సిగ్నల్ తడబడే చోట ఫోను ఇక అడుక్కోదు; ప్రాణం చివరికొచ్చినప్పుడు కొత్త పడవ మీంచి కాలు పూర్తిగా తీసేసి, పాత పడవలోనే కూర్చుంటుంది. వేడి తగ్గుతుంది. ఆ ఒక్క శాతం సాగుతుంది. మాట కూడా తెగలేదు, అదీ గొప్ప. తక్ గెలిచాడు.

ప్యో కళ్లు తెరిచి ఫోను వెనక చెయ్యి పెట్టాడు. చల్లగా ఉన్నట్టుంది. మొహం పాలిపోయింది. కట్ చేయకూడదు. చేయడు కూడా. ఆవిడా చేయదు. ఇద్దరూ ఆ లైనుకు రెండు చివర్లా పట్టుకుని నిలబడిపోయారు. నా జీవితంలో నేను అంతసేపు నోరు మూసుకున్నది అదొక్కసారే, సాక్షులున్నారు.

చివరికి ఆవిడే అంది: “పిలిచేవారూ... ఇంకా పోలేదా?”

“లేదండీ.”

“ఒక్క శాతమేనా?”

“ఒక్క శాతమేనండీ. కదలడం లేదు.”

“అయితే మీ ఫోను బాగుపడినట్టుందండీ.”

“అవునండీ. బాగుపడింది.”

అవతల వెల్లుల్లి గిన్నె పక్కకు జరిగిన చప్పుడు.

“అయితే జవాబు చెప్పాలి కదండీ,” అంది.

“అక్కర్లేదండీ. మన పద్ధతి ప్రకారం...”

“లైను ఉండగా ఊరుకుంటే మర్యాద కాదు.” ఆవిడ ఊపిరి పీల్చుకోవడం వినపడింది. “నేను రానండీ. తప్పుగా అనుకోకండి. నాకు మనుషుల ఎదురుగా మాట రాదు. చేపల బజారులో కూడా వేలు చూపించి కొనుక్కుంటాను. ఆ చేపలమ్మేవాళ్లు నేను మూగదాన్ననే అనుకుంటారు. మీరు కనపడరు కాబట్టి మీతో ఇంత మాట్లాడుతున్నాను. అక్కడికొస్తే చెక్కబొమ్మలా కూర్చుంటాను. ఈవిడెవరో పొరపాటున వచ్చి నా బల్ల దగ్గర కూర్చుంది అనుకుంటారు మీరు.”

“నేనూ మాట్లాడనండీ. ఊరికే తిందాం.”

ఆవిడ నవ్వింది. నవ్వేనా అది? నవ్వే అనుకుందాం. “ఊరికే తినడానికి అంత దూరం దేనికండీ? ఇక్కడ మాట్లాడుకుంటున్నాం కదా.”

“అవునండీ.”

“ఈ ఫోను ఇలాగే ఉంటే మంచిదే. రేపట్నుంచి మళ్లీ సాయంత్రం దాకా మాట్లాడుకోవచ్చు. ఏవండీ?”

నేను ముందు సీట్లో స్టీరింగ్ పట్టుకుని ఉండిపోయాను. రేపట్నుంచి లేదు. ఆ ఒక్క శాతం సాగిన కారణంగానే లేదు. ఆ మాట ఆయన చెప్పాలి. నేను వెనక్కి తిరిగి, చెవి దగ్గర ఫోను పెట్టుకున్నట్టు సైగ చేశాను, నంబర్ అడగమని. ఆయన తల అడ్డంగా ఊపాడు. రోడ్డు అవతల టవరు వైపు చూపు నిలిపి ఉంచాడు.

“అవునండీ,” అన్నాడు ఆవిడతో.

చెబుదామనే ఉంది ఆయనకు. నాకు తెలుసు. చివర్లో చెబుదామని ఆగాడు. ఏళ్లుగా బరువైన మాటను చివరికే దాచుకున్నవాడు, మధ్యలో ఎలా దించాలో మర్చిపోయాడు. కానీ ఆ చివర ఎక్కడుందో ఈసారి ఆయన అరచేతికి తెలియడం లేదు. చల్లబడిన ఫోను ఏ సంగతీ చెప్పదు. చెయ్యి అలాగే పెట్టి ఉంచాడు, వేడి ఇప్పుడొస్తుందేమో, ఇప్పుడొస్తుందేమో అని. ఆవిడేమో తేలికపడిన మనిషిలా చెప్పుకుపోతోంది. హోటలాయన ఈసారి పంపిన వెల్లుల్లి చిన్నదట, గోళ్లు మండుతున్నాయట, పక్కింటి పిల్లి కిటికీలోంచి తొంగిచూస్తోందట.

“దానికి ఎండుచేప తోక వేశానండీ. తినకుండా నన్నే చూస్తుంది. మీరైతే ఏమనుకుంటారు, దానికి...”

ఫోను చచ్చిపోయింది.

నల్లగా అయిపోయిన తెరను ఆయన చొక్కా అంచుతో తుడిచాడు. ఛార్జర్ మా వ్యాన్‌లో ఉండదు. పరీక్ష పాడవుతుందని ఎప్పుడూ పెట్టం.

“నంబరైనా అడగాల్సింది బాబాయ్,” అన్నాను.

“రానని చెప్పింది కదరా. తలుపు వేశాక కిటికీ తట్టకూడదు.”

“పెట్టె సంగతి చెప్పాల్సింది.”

“పోనీ,” అన్నాడు. అది వ్యాన్ గురించా, ఇంకే దాని గురించా అని నేను అడగలేదు. పోనిచ్చాను.

ఆఫీసులో పండగ. ఫోను అనుకున్నదానికన్నా ఎక్కువే బతికిందని ఫలితం చేరిపోయింది. ఎండ ఇంకా ఉండగానే తక్ మమ్మల్నందర్నీ పంది మాంసం కాల్చే హోటలుకు తోలుకుపోయాడు. మా దగ్గర గెలుపు వచ్చినా ఓటమి వచ్చినా ఇనప్పెనం చుట్టూ కూర్చుని తాగాల్సిందే, తప్పించుకోవడం ఉండదు. తక్ మొహం మొదటిసారి మనిషి మొహంలా ఉంది. ఏడుస్తూ నవ్వుతున్నాడు. ఇంటికెళ్లి పడుకుంటానంటాడు, ఇంకో సీసా తెమ్మంటాడు.

ప్యో బల్ల చివర కూర్చుని మాంసం ముక్కలు తిప్పుతున్నాడు. కాలినవి కాలినట్టు అందరి పళ్లేల్లో వేస్తున్నాడు. తన పళ్లెం ఖాళీ. నేను ఒక ముక్క ఆకులో చుట్టి ఆయన నోటి దగ్గర పెడితే, చిన్నపిల్లాడిలా నోరు తెరిచి తిన్నాడు.

తక్ సీసా పట్టుకుని ఆయన దగ్గరికొచ్చాడు. చిన్నవాడు పెద్దవాడికి పోసినట్టు, రెండు చేతులతో గ్లాసు నింపాడు.

“ఇది మీ గెలుపు ప్యో గారూ. మీరు రోజూ వచ్చి అడగకపోతే నేనెప్పుడో వదిలేసేవాణ్ణి. ఒక్కటి చెప్పండి. చివర్లో పాత నెట్‌వర్క్ మీదికి దిగాక, ఆ ఒక్క శాతం దగ్గర... మాట ఎలా ఉంది? తెగిందా? అవతలివాళ్లకి సరిగ్గా వినపడిందా?”

బల్ల చుట్టూ అందరూ గోల ఆపారు. ప్యో గ్లాసును ఒక చేత్తో పట్టుకుని, దాని మీద రెండో అరచెయ్యి బోర్లించాడు.

“బాగుందండీ,” అన్నాడు. “ఎక్కడా తెగలేదు. అన్న మాటలన్నీ అందాయి.”

తక్ ఒక్క అరుపు అరిచి ఆయన్ను కావలించుకున్నాడు. అందరూ గ్లాసులెత్తారు. పొగలో కళ్లు మండుతున్నాయని చెప్పి ప్యో లేచి, తలుపు తీసుకుని బయటికెళ్లాడు. నేను కిటికీలోంచి చూశాను. రోడ్డు మీద బస్‌స్టాప్‌లో నిలబడి ఉన్నాడు. జనం అందరూ ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటున్నారు. ఆయన చేతులు ఖాళీగా ఉన్నాయి. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు, బస్సు వచ్చేదాకా జేబుల్లో పెడుతూ, తీస్తూ ఉన్నాడు.